అడుగున మిగిలిన వ్యాక్స్

వ్యాక్సింగ్ కోసం ఎవరు వచ్చినా, పార్లర్ నడిపే ఆ ఇంటి కోడలు ముందుగా చర్మాన్ని కాదు, మనిషిని పరీక్షించేది. మొటిమలకు ఏదైనా క్రీము రాస్తున్నారా, మందులేవైనా వాడుతున్నారా, నిన్నా మొన్నా ఎండలో బాగా తిరిగారా, ఒంటి మీద ఎక్కడైనా గీరుకుందా అని వరసగా అడిగేది. జవాబులు తృప్తిగా ఉంటేనే కుర్చీ చూపించేది. చెమటా జిడ్డూ పోయేలా తుడిచి, ఆరనిచ్చి, పౌడరు పలచగా అద్ది, వేడెక్కిన వ్యాక్స్‌ను తన మణికట్టు మీద వేసుకుని చూసి, అప్పుడు పని మొదలుపెట్టేది. ఒకసారి ఒంటికి తగిలిన చెక్కపుల్ల తిరిగి డబ్బాలోకి వెళ్ళేది కాదు, చెత్తబుట్టలో పడేది. అంతా అయ్యాక చిన్న ఉపన్యాసం.

"ఇవాళా రేపూ వేడినీళ్ళు పోసుకోవద్దు. బిగుతు ప్యాంట్లు వద్దు, వదులుగా కాటన్ బట్టలేసుకోండి. చెమట పట్టే పనులు పెట్టుకోకండి. సెంటు వద్దు, నూనె వద్దు. మంటగా ఉంటే చల్లటి తడిగుడ్డ వెయ్యండి, కలబంద జెల్ పూయండి. గోకొద్దు. రెండు మూడు రోజులు పోయాక మెత్తటి గుడ్డతో మెల్లగా రుద్దుకోండి, వెంట్రుక లోపలికి తిరక్కుండా ఉంటుంది."

"అక్కా, ఇన్ని రూల్స్ మా ఆఫీసులో కూడా లేవు."

"మీ ఆఫీసులో తప్పు చేస్తే ఫైలు పాడవుతుంది. ఇక్కడ తొడ పాడవుతుంది."

ఆమె మాటల్లో అతిశయోక్తి లేదు. వెంట్రుకను కుదురుతో సహా లాగినప్పుడు అది ఉన్న గుంట కొంతసేపు తెరుచుకునే ఉంటుంది. చర్మం మీద ఎప్పుడూ కాపురముండే సూక్ష్మజీవులకు అంతకంటే మంచి అవకాశం దొరకదు. చెమట, జిడ్డు, బట్టల రాపిడి, మురికి చేయి, ఇవన్నీ వాటిని లోపలికి తోస్తాయి. మర్నాడు ఎర్రటి చుక్కలు లేస్తాయి. అశ్రద్ధ ఇంకాస్త ఎక్కువైతే వాటి మీద తెల్లటి చీముతలలు కనిపిస్తాయి. దాన్ని ఒంట్లో వేడి అనీ, రక్తం మంచిది కాదనీ, ఒంటి తత్వమనీ రకరకాలుగా చెప్పుకోవడం లోకంలో ఉన్నదే. ఒంటి తత్వానికి నోరు లేదు కాబట్టి ఎంత నేరమైనా మోస్తుంది.

ఆమె భర్త దూరప్రాంతాలకు లారీ నడుపుతాడు. నెలలో ఎక్కువ రోజులు రోడ్డు మీదే ఉంటాడు. ఇంట్లో మిగిలేది ముగ్గురు: ఆమె, అత్తగారు, ఆడపడుచు. ఆ ఆడపడుచును ఇంటిల్లిపాదీ బాతు అనేవారు. నేల మీద పాదాలు రెండూ పక్కలకు తిప్పి, తడబడుతూ నడిచే ఆ పిల్ల నీళ్ళలో దిగితే మాత్రం ఒడ్డున నిలబడ్డవాళ్ళు మాట ఆపి చూసేవారు. ఆ ఏడు ప్రాంతీయ జట్టుకు ఎంపిక పోటీ జరగబోతున్నది. జట్టులోకి వస్తే హాస్టలూ, పెద్ద ఈతకొలనూ, మంచి శిక్షణా అన్నీ వాళ్ళే చూసుకుంటారు. పై ఏటికి వయసు దాటిపోతుంది. అంటే వచ్చే ఆదివారమే మొదటి అవకాశమూ, చివరి అవకాశమూ.

పోటీలకు ముందు ఈతగాళ్ళు ఒంటి మీది వెంట్రుకలు తీసేయడం మామూలు. అందువల్ల వేగం ఎంత పెరుగుతుందో ఖాయంగా చెప్పినవాళ్ళు లేరు గాని, నీళ్ళు ఒంటిని తాకుతున్న సంగతి బాగా తెలుస్తుందని అందరూ అంటారు. బాతు ఇంతకాలమూ బ్లేడుతో కానిచ్చేది. ఈసారి పెరటి గుమ్మంలో కూర్చుని సబ్బు నురగ పూసుకుంటుండగా వదిన కంటబడింది.

"అదేంటే, కూరగాయలు తరుగుతున్నావా? వదిన పార్లర్ పెట్టుకుంటే ఆడపడుచు బ్లేడుతో గీక్కుంటోందని నలుగురికీ తెలిస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?"

"నీ మొహం నా కాళ్ళ మీద ఆధారపడి ఉందని నాకేం తెలుసు వదినా!"

"వెటకారాలాపు. మంగళవారం పొద్దున్నే వచ్చి కూచో, నేను చేస్తాను. ఆదివారానికి చర్మం చక్కగా సర్దుకుంటుంది. అద్దంలా జారిపోతావు నీళ్ళలో."

లెక్క సరైనదే. వ్యాక్సింగ్‌కూ క్లోరిన్ నీళ్ళకూ మధ్య కొన్ని రోజుల ఎడం కావాలి. ఆ సంగతి వదినకు తెలిసినంత బాగా ఆ వీధిలో ఇంకెవరికీ తెలియదు.

మంగళవారం బాతు చెప్పిన వేళకే వచ్చి బల్ల మీద కూర్చుంది. అదే సమయానికి ముందుగా చెప్పకుండా ఒక టీచరమ్మ దిగింది. "అర్జెంటక్కా, సాయంత్రం ఫంక్షనుంది" అన్నది. వదిన బాతు వైపు చూసింది. బాతు నవ్వి లేచి చోటిచ్చింది. బుధవారం మరొకరు. గురువారం తల్లీకూతుళ్ళు కలిసి వచ్చారు. ఇంటివాళ్ళకు చివరి వరస అన్నది ఆ పార్లర్‌లో ఎవరూ పెట్టని నియమం. వండినవాళ్ళు ఆఖర్న గిన్నె అడుగు గీకి తిన్నట్టే, అక్కడ ఇంటివాళ్ళకు వ్యాక్స్ అడుగూ, రోజు అడుగూ దక్కేవి. అత్తగారి కనుబొమలైనా అంతే, పక్కింటి పిన్ని చేతులైనా అంతే. అందులో చిన్నచూపు లేదు. మనవాళ్ళు ఏమీ అనుకోరనే ధీమా మాత్రమే ఉన్నది. కాలక్రమంలో ఆ రెండింటికీ తేడా కనిపెట్టడం కష్టమవుతుంది.

శుక్రవారం పార్లర్ మూసే వేళకు బాతు వంతు వచ్చింది. సాధన ముగించుకుని నేరుగా వచ్చింది. జుట్టులో క్లోరిన్ వాసన ఇంకా పోలేదు, మెడ మీద చెమట ఆరి చారలు కట్టింది. బయటివాళ్ళెవరైనా ఆ స్థితిలో వస్తే వదిన ముందు స్నానానికి పంపేది.

"కూచో కూచో, గబగబా కానిచ్చేద్దాం. పొయ్యి మీద కూరుంది."

ప్రశ్నలు లేవు. తుడవడమూ పౌడరూ లేవు. డబ్బాలో అడుగున మిగిలిన వ్యాక్స్ వారమంతా కాగి కాగి నల్లబడింది, చిక్కబడింది. కొత్త డబ్బా విప్పడానికి చేయి రాలేదు; మర్నాడు ఎలాగూ విప్పాలి కదా అనిపించింది. మణికట్టు మీద వేసి చూసుకోవడమూ మరచిపోయింది. కొత్త పుల్లల కట్ట పై అరలో ఉంది. చేతిలో ఉన్న పుల్లనే ముంచింది, రాసింది, మళ్ళీ ముంచింది. చిక్కటి వ్యాక్స్ సరిగా ఊడి రాకపోతే ఉన్నచోటనే రెండోసారి స్ట్రిప్ గుడ్డ వేసి లాగింది.

"అబ్బా! వదినా, వెంట్రుకలు తీస్తున్నావా, తోలు వలుస్తున్నావా?"

"నోర్మూసుకో. ఇంత ఈతగత్తెవి, ఈ మాత్రం ఓర్చుకోలేవా?"

"నీళ్ళు ఇలా లాగవు వదినా, నీళ్ళు చాలా మర్యాదస్తులు."

ఇద్దరూ నవ్వుకున్నారు. లోపలినుంచి కూర మాడుతున్న వాసన వచ్చింది. వదిన చివరి స్ట్రిప్ లాగి కింద పడేసి వంటింటివైపు పరుగెత్తింది. ఆ రోజు ఉపన్యాసం లేదు. బాతు సాధనకు వేసుకునే బిగుతు ప్యాంటునే మళ్ళీ ఎక్కించుకుని, కాళ్ళు చాపుకుని టీవీ చూస్తూ కూర్చుంది.

శనివారం పొద్దున తొడల మీదా, పిక్కల వెనకా, భుజాల మీదా ఎర్రటి చుక్కలు లేచాయి. బాతు పరికిణీ కొంచెం ఎత్తి చూపించింది. వదినకు చూడగానే అర్థమైంది. మొహంలో మాత్రం ఏమీ కనిపించనీయలేదు.

"కొందరికి ఇలాగే వస్తుందే. రేపటికి అణిగిపోతుంది. ఆ బిగుతు ప్యాంటు మళ్ళీ వెయ్యకు. గోకావో, వేళ్ళు విరగ్గొడతాను."

చల్లటి నీళ్ళలో ముంచిన గుడ్డలు వేసింది. మెత్తగా ఒత్తి తుడిచి, కలబంద జెల్ పూసింది. గుడ్డ వేడెక్కినప్పుడల్లా మార్చమని చెప్పి పార్లర్‌లోకి వెళ్ళింది. శనివారం రద్దీ రోజు. మధ్యలో రెండు మూడుసార్లు తొంగి చూడగలిగింది గాని దగ్గర కూర్చోలేకపోయింది. చేసినవన్నీ సరైన పనులే. ముందురోజు చేయవలసినవి అవి.

మధ్యాహ్నం కూతురు దురదతో మెలికలు తిరుగుతుంటే అత్తగారు చూడలేకపోయింది. ఆమెకు ప్రపంచంలో ఏ బాధకైనా తెలిసిన మందు ఒకటే: ఆకులేవో వేసి కాచిన నూనె. అరచేతిలో పోసుకుని, కూతురి కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని, మెల్లగా రాసింది. బాతు ఆ చేతుల కింద నిద్రపోయింది.

ఆదివారం లేచేసరికి ఎర్రటి చుక్కలకు తెల్లటి తలలు వచ్చాయి.

"ఏం చేశావే? నిన్న ఇంతగా లేవు కదా!" అన్నది వదిన.

"ఏం చెయ్యలేదు. అమ్మ నూనె రాసింది, అంతే."

"నూనా?"

ఆ ఒక్క మాటలో ఆశ్చర్యం కంటే ఉపశమనం ఎక్కువగా ఉన్నది. అది తనకు తెలిసింది కాబట్టే ఆ మాటను వదిన ఆ తరువాత మరచిపోలేకపోయింది. నూనె ఆ పొక్కులను పుట్టించలేదు. అవి నూనె రాయకముందే పుట్టాయి. అప్పటికే మూసుకుపోతున్న గుంటలను నూనె ఇంకాస్త మూసి ఉండవచ్చు. ఎంత అన్నది ఎవరూ తేల్చలేరు. తేల్చలేని ఆ కొంచెం వెనక దాక్కోవడానికి మనిషికి కావలసినంత చోటు ఉంటుంది.

"అమ్మా! వదిన రాయొద్దని అందరికీ చెప్తుంటే వినలేదా నువ్వు?" అని బాతు లోపలికి అరిచింది. అత్తగారు గరిటెతో సహా గుమ్మంలోకి వచ్చి, కూతురి కాళ్ళు చూసి, గరిటె పట్టుకున్న చేతిని పైటలో దాచుకున్నది.

ఈతకొలను దగ్గర పోటీదారులను ముందుగా ఒక నర్సు పరీక్షించి పంపుతున్నది. చెవులూ, కళ్ళూ, చర్మమూ చూస్తున్నది. బాతు తువ్వాలు చుట్టుకుని వరసలో నిలబడింది. పక్కన వదిన. కోచ్ అటూ ఇటూ తిరుగుతూ గడియారం చూసుకుంటున్నాడు.

"తువ్వాలు తియ్యమ్మా."

బాతు తీసింది. నర్సు వంగి, కళ్ళజోడు సవరించుకుని చూసింది.

"ఇవెప్పటినుంచి?"

"నిన్నటినుంచి. వ్యాక్సింగ్ తరువాత వచ్చినవండీ. అంటుకునేవి కావు," అన్నది వదిన.

"అంటుకుంటాయో లేదో ఇక్కడ నిలబడి నేను చెప్పలేను. చీము పట్టిన పొక్కులున్నవాళ్ళని నీళ్ళలోకి వదలకూడదు. అదే నీళ్ళలో ఇంతమంది పిల్లలు దిగాలి."

కోచ్ దగ్గరికి వచ్చాడు. "సిస్టర్, ఈ పిల్లని ఈ నిమిషం కోసం ఎన్నేళ్ళుగా తోముతున్నానో మీకు తెలీదు. మొటిమలకి పోటీ ఆపుతారా?"

"మొటిమలైతే ఆపను సార్. మీరే చూడండి, ఇక్కడ పగిలి కారుతోంది. రేపు ఇంకెవరికైనా వస్తే మీరే నా దగ్గరకొచ్చి అరుస్తారు."

"ప్లాస్టర్లేసి దింపుదాం."

"ఒళ్ళంతా వెయ్యాలి. అప్పుడు ఈత కాదు, నాటకం వెయ్యాలి మీ అమ్మాయి."

కోచ్ నవ్వలేదు. నర్సు కూడా నవ్వించడానికి అనలేదు. ఆమె చేసింది న్యాయమైన పనే. నియమం ఉన్నది వేరే పిల్లల కోసం, వాళ్ళు వెనక వరసలో చలికి చేతులు కట్టుకుని నిలబడే ఉన్నారు. బాతు తువ్వాలు మళ్ళీ చుట్టుకున్నది. ఆమె పేరు పిలవవలసిన పోటీలో ఆమె దూకవలసిన గట్టు ఖాళీగా ఉండగానే ఈల వినిపించింది. మిగతావాళ్ళు దూకారు. బాతు చివరిదాకా చూసింది. గెలిచిన అమ్మాయి గోడ తాకగానే, "దానికంటే నేను బాగా ఈదుతాను వదినా," అన్నది, ఎవరి మీదా కోపం లేకుండా, నీళ్ళ లోతు చెప్పినంత మామూలుగా.

ఇద్దరూ ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో అత్తగారు ఎదురుచూస్తున్నది.

"ఏమైందే?"

"ఏమవుతుంది? నీ నూనె గెలిచింది! ఇంక జన్మలో నా ఒంటి మీద చెయ్యి వెయ్యకు. నీకేం తెలుసని రాస్తావు? చదువూ లేదు, చెప్తే వినవు. నా బతుకంతా జిడ్డు చేసి పెట్టావు!"

అత్తగారు ఏదో అనబోయి కోడలి వైపు చూసింది, తెలిసినదానివి నువ్వు చెప్పమన్నట్టు. వదిన చెప్పు వారు విప్పుతూ వంగి ఉన్నది. ఆ వారు విప్పడానికి అంతసేపు పట్టనక్కరలేదు.

చర్మం మెల్లగా బాగుపడింది. డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళారు. ఆయన పూతమందు రాసిచ్చి, "వ్యాక్సింగ్ ఎక్కడ చేయించుకున్నావమ్మా? శుభ్రంగా ఉండే చోటేనా?" అని అడిగాడు.

బాతుకు రోషం వచ్చింది. "మా వదినే చేసింది డాక్టర్. ఆవిడ పుల్ల కూడా రెండోసారి ముంచదు. మా అమ్మ నూనె రాసింది, అందుకే ఇలా అయింది."

"నూనె రాయకుండా ఉండాల్సింది," అన్నాడు డాక్టరు, ఇంకో రోగి కోసం తలుపువైపు చూస్తూ. వదిన సంచిలో చిల్లర వెతుకుతున్నట్టు తల దించుకున్నది.

ఇంట్లో ఒక మార్పు వచ్చింది. అత్తగారు కూతురిని ముట్టుకోవడం మానేసింది. ఇదివరకు దారిన పోతూ తల నిమిరేది, జడ లాగేది, జ్వరముందా అని మెడ మీద చేయి పెట్టేది. ఇప్పుడు అన్నం పళ్ళెం అందిస్తూ వేళ్ళు తగలకుండా అంచు పట్టుకుంటున్నది. బాతు చిన్నపిల్లలకు ఈత నేర్పే పనిలో చేరి, సాయంత్రాలు తడిజుట్టుతో వచ్చి కూర్చునేది. తల్లి తువ్వాలు తెచ్చి పక్కన పెట్టి వెళ్ళిపోయేది. వదిన ఇదంతా చూసేది. పార్లర్‌లో ఇప్పుడు ఇంటివాళ్ళకైనా కొత్త పుల్లే, తాజా వ్యాక్సే. ఆ జాగ్రత్త ఎవరికీ పనికిరాలేదు. ఇంటివాళ్ళెవరూ రావడం లేదు.

ఒక మధ్యాహ్నం బాతు ఇంట్లో లేనప్పుడు, అత్తగారు బట్టలు మడతపెడుతుంటే వదిన వెళ్ళి ఎదురుగా కూర్చున్నది.

"అత్తయ్యా, ఆ పొక్కులు మీ నూనెవల్ల రాలేదు."

అత్తగారు మడత ఆపలేదు. వదిన అంతా చెప్పింది. పాత వ్యాక్స్, ముంచిన పుల్లే ముంచడం, కడగని ఒళ్ళు, మంగళవారం నుంచి శుక్రవారానికి జరిగిన వంతు, ఏదీ దాచలేదు.

"బాతుకి చెప్తాను."

"ఎందుకూ?"

"మీరెందుకు పడాలి అత్తయ్యా?"

"పడితే పడ్డాన్లే. కన్నదాన్ని, నా మీద ఎంత అరిచినా దానికి చెల్లుతుంది. నీ మీద నమ్మకం అలాగే ఉండనీ. ఇద్దరి మీదా కోపం పెట్టుకుంటే ఇంట్లో ఎవరితో మాట్లాడుతుంది చెప్పు? గోడలతోనా?"

ఆ మాట వదినకు పెద్ద వెసులుబాటు ఇచ్చింది. పెద్దావిడే వద్దన్నది, వినడం మర్యాద, ఇంటి ప్రశాంతతకూ అదే మంచిది. ఆ కారణాలన్నీ బాగున్నాయి. మరీ బాగున్నాయనే ఆమెకు అనుమానం వచ్చింది. తనకు అనుకూలంగా ఉండటం తప్ప వాటికి వేరే బలం కనిపించలేదు.

మర్నాడు పొద్దున, పార్లర్ తెరవగానే బాతును పిలిచింది. బాతు ఏదో పాట కూనిరాగం తీస్తూ వచ్చి తిరిగే కుర్చీలో కూర్చుని ఒక చుట్టు తిరిగింది.

"ఏంటి వదినా, పొద్దున్నే మీటింగు?"

వదిన నిలబడే చెప్పింది. అత్తగారికి చెప్పిన వరసలోనే చెప్పింది. వింటూ వింటూ బాతు కుర్చీని కాలితో ఆపింది. అంతా అయ్యాక తన మోకాళ్ళ వైపు చూసుకున్నది.

"సరేలే. పని తొందర్లో అయిపోయింది. నేనూ స్నానం చేసి రాలేదు కదా," అన్నది. వదిన ఊపిరి పీల్చుకోబోయింది.

"నర్సు దగ్గర నిలబడ్డప్పుడే తెలుసా నీకు?"

"తెలుసు."

"డాక్టరు దగ్గర?"

"తెలుసు."

"అమ్మని నేను గుమ్మంలో నిలబెట్టి అన్నేసి మాటలంటుంటే... పక్కనే ఉన్నావు."

"ఉన్నాను."

"జట్టు పోయిందంటే నీ ఒక్కదాని వల్ల పోలేదు వదినా. అదలా ఉంచు. కానీ ఆ మాటలు నా నోటితో అన్నాను. అవి నీవి కావు, నావే. వాటిని నేనేం చేసుకోవాలి?"

బాతు జవాబు కోసం ఆగలేదు. లేచి లోపలికి వెళ్ళింది. కాసేపటికి లోపలి తలుపు వెనక అత్తగారి గొంతు, "ఛ, లే, ఏమిటిది, లే," అన్నది. తరువాత ముక్కు చీదిన చప్పుడు. ఇంకాసేపటికి ఇద్దరూ ఏదో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. మాటలు తెలియడం లేదు గాని గొంతులు మామూలుగానే ఉన్నాయి.

అప్పుడే ఒకామె వచ్చి కుర్చీలో కూర్చుని, చేతులు చాపింది. వదిన ఆమె చేతులు తుడిచి, ఆరనిచ్చి, కొత్త డబ్బా మూత తీసింది. సగం పని అయ్యేసరికి లోపలినుంచి అత్తగారు తలుపు కొంచెం తెరిచి తల బయటపెట్టింది.

"దానికి టిఫిన్ పెడుతున్నానమ్మా. నువ్వూ వచ్చి తినిపోరాదూ?"

తలుపు సందులోంచి బాతు కనిపించింది. తల్లి పీటకు ఆనుకుని కింద కూర్చుని, పళ్ళెంలోకి చూస్తూ తింటున్నది. ఇటు తిరగలేదు.

"మీరు కానివ్వండి అత్తయ్యా. నేను తరువాత తింటాను," అన్నది వదిన.

"చల్లారిపోతుంది మరి."

"పరవాలేదు."

అత్తగారు ఇంకేదో అనబోయి, కూతురి వైపు ఒకసారి చూసి, మెల్లగా తలుపు దగ్గరకు వేసింది.